పాల కవర్లలో చిక్కుడు గింజలు

మా చిన్నప్పుడు... తూంకుంటలో మా ఇంటి వెనక అవ్వ పెంచిన చిక్కుడు పందిరి ఉండేది. ఊదారంగు అంచు కాయలు... చలికాలమంతా వాడకట్టుకు పంచినా ఇంకా మిగిలేవి.

ఒక ఏడు మా ఇంటికి ఫ్రిజ్ వచ్చింది. అమ్మకు కొత్త పిచ్చి పట్టుకుంది. గింజలు ఒలిచి, మరిగే నీళ్లలో నిమిషం ఉంచి తీసి, పాత చీర మీద తడి ఆరబెట్టి, కడిగి దాచిన పాల కవర్లలో నింపి ఐసు అరలో పెట్టేది. అవ్వ మూతి తిప్పేది. ఉగాదికి ఆ గింజలతో కూర వండిపెడితే మాత్రం ఇష్టంగా రెండు జొన్నరొట్టెలు తిన్నది.

నడి ఎండాకాలంలో అవ్వ నీళ్ల తొట్టి దగ్గర జారిపడింది. తుంటి విరిగింది. అందరం సికింద్రాబాద్ దవాఖానకు బయలుదేరాం. ఇల్లు వదిలి పోయేటప్పుడు మెయిన్ స్విచ్ బంద్ చేయాలని అవ్వ పెట్టిన నియమం. ఆ పని నాది... చేశాను. బుద్ధిమంతురాల్ని కదా మరి!

ఆపరేషన్ అయ్యాక అవ్వ తిండి ముట్టలేదు. ఇట్లాగే ఉంటే మనిషి దక్కదని డాక్టరు నాయినతో చెప్పాడు. ఐదో రోజు అవ్వ నోరు తెరిచి ఒక్కటే అడిగింది... "గా చిక్కుడు గింజల కూరైతే తింట."

అమ్మా నేనూ బస్సెక్కి ఇంటికొచ్చాం. తలుపు తీయగానే గుప్పున వాసన... వంటింట్లో నీళ్ల మడుగు... కవర్లన్నీ ఉబ్బిపోయాయి. అమ్మ కవర్లన్నీ బకెట్లో వేసి నేల తుడిచింది. నాకు రెండు దెబ్బలు వేసినా బాగుండేది. శామీర్‌పేట, మేడ్చల్ అంగళ్లన్నీ తిరిగాం. ఆ ఎండల్లో పచ్చి చిక్కుడు ఎక్కడ దొరుకుతుంది? అవ్వను నేనే చంపుతున్నానని దారంతా ఏడ్చాను.

చివరికి అమ్మ అటక మీది చిన్న కుండ దించింది. వచ్చే ఏటి విత్తనానికి అవ్వ బూడిదలో దాచిన గింజలు... అన్నీ కడిగి, వేడినీళ్లలో నానబెట్టి వండేసింది.

దవాఖానలో అవ్వ ఒక ముద్ద నమిలి ఆగింది. నా వైపు చూసింది.

"ఇవి నా ఇత్తనాలు... నాకెరుకనే. ఫ్రిజ్‌లవి ఖరాబైనట్టున్నయి. మెయిన్ బంద్ చెయ్యమని నీకు నేర్పింది నేనే గద బిడ్డా. నువ్వు గూడ తిను... అప్పుడే నేను తింట."

తిన్నాం... ఇద్దరం, ఒకే గిన్నెలో. అవ్వ ఆ తర్వాత ఏడేళ్లు బతికింది. ఆ చిక్కుడు మాత్రం మళ్లీ మొలవలేదు. వాడకట్టులో అడిగితే, అందరూ కూరకే వాడుకున్నారు, విత్తనం ఎవరూ దాచలేదు.

ఇప్పుడు నా ఫ్రిజ్ నిండా కొన్న బఠానీలే... ఇన్వర్టర్ ఉంది, కరెంటు పోయినా భయం లేదు. అయినా ఊరెళ్లేటప్పుడు మెయిన్ స్విచ్ మాత్రం ముట్టుకోను.

మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల వాళ్లెవరైనా ఇది చదువుతున్నారా... మీ పెరట్లో ఊదా అంచు చిక్కుడు ఇంకా పాకుతోందా? నాలుగు గింజలు చాలు... ఎంత దూరమైనా నేనే వచ్చి తీసుకుంటాను.