లూర్దు గంపలో గడ్డి

చాలా ఏళ్లుగా ఒక మాటను గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. మింగుడు పడదు, బయటికీ రాదు. తింటున్నాను, నవ్వుతున్నాను, పెళ్లిళ్లకు పట్టుచీర కట్టుకుని పోతున్నాను. అది మాత్రం అక్కడే ఉంటుంది. డిసెంబరు వస్తే మరీ అడ్డం పడుతుంది. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. పిల్లల పేర్లు కూడా మార్చే రాస్తున్నాను. మధ్యలో ఆపి, పోనీలెమ్మా చిన్న విషయమే కదా అనకుండా వింటే చాలు. ఆ మాట నాకు నేనే ఎన్నోసార్లు చెప్పుకుని చూశాను. పని చెయ్యలేదు.

అప్పట్లో మేం భద్రాచలం పోయే రోడ్డులో, పొలాలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఒక ఊళ్లో ఉండేవాళ్లం. మా ఆయన సర్కారు దవాఖానాలో కాంపౌండరు. మాకు ఒక్కతే కూతురు, జ్యోతి. గోదావరి పొంగి భద్రాచలం వీధుల్లోకి వచ్చిన ఏడు, నీళ్లు తీశాక పట్టుకున్న జ్వరాల్లో మా ఆయన చెల్లెలు పోయింది. ఆమె మొగుడు ఏడాది తిరక్కుండానే ఇంకో పెళ్లి చేసుకున్నాడు. వాళ్ల పిల్లను మా ఆయన చెయ్యి పట్టుకుని మా ఇంటికి తీసుకొచ్చాడు. అదే లూర్దు. ఎనిమిదేళ్లది. మా జ్యోతి కంటే కొంచెం పెద్ద.

నన్ను గయ్యాళి అత్త అనుకోకండి. అనుకుంటే నాకు సులువయ్యేది. ఆ పిల్లను నేను ప్రేమించాను. ఇద్దరికీ ఒకేసారి తలంటు పోసేదాన్ని, ఒకే పళ్లెంలో అన్నం కలిపి చెరో ముద్ద పెట్టేదాన్ని. అది వచ్చిన ఏడు క్రిస్మస్‌కు ఒకే తానులోంచి గుడ్డ తీసుకుని ఇద్దరికీ గౌన్లు కుట్టించాను. నిద్రలో లూర్దు తన తల్లిని పిలిస్తే నేనే పలికేదాన్ని. మరి ఇంత ప్రేమ ఉన్నదాన్ని ఆ పని ఎలా చేశాను? ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతున్న ప్రశ్న ఇదే. ప్రేమ లేక చేశానని తేలితే ఎక్కడో ఒకచోట ఆగేదాన్నేమో. ప్రేమ ఉండగానే చేశాను.

మా ఊరి గుడికి ఫాదర్ గారు పదిహేను రోజులకోసారి వచ్చేవారు. క్రిస్మస్‌కు ముందు నాలుగు వారాల ఆగమన కాలం మొదలైన ఆదివారం పూజలో ఆయన పిల్లలందర్నీ ముందుకు పిలిచి కూర్చోబెట్టారు. మీ ఇళ్లల్లో ఒక ఖాళీ తొట్టి పెట్టుకోండి, ఒక్కో మంచి పని చేసినప్పుడల్లా అందులో ఒక్కో గడ్డి పరక వెయ్యండి, పండుగనాటికి బాలయేసుకు మెత్తటి పరుపు తయారవుతుంది అన్నారు. పిల్లలు కళ్లు ఇంతింత చేసుకుని విన్నారు. ఎంత ముచ్చటైన మాట అది. ఆయన చెప్పింది అంతవరకే. దాన్ని పందెంగా మార్చింది మాత్రం నేను.

ఒకే తొట్టి పెడితే ఇద్దరూ కొట్టుకుంటారని సంతలో రెండు చిన్న వెదురు గంపలు కొన్నాను. జ్యోతి గంపకు ఎర్ర రిబ్బను, లూర్దు గంపకు నీలం రిబ్బను కట్టాను. గడ్డి కట్ట నా దగ్గరే. మంచి పని చేస్తే వచ్చి నాకు చెప్పాలి, అప్పుడు పరక ఇస్తాను. ఎవరి గంప ఎక్కువ నిండితే వాళ్లు పండుగ ముందు సాయంత్రం, ఇంట్లో మేం కట్టే పశువుల పాకలో బాలయేసు బొమ్మను పడుకోబెడతారు. ఇలా పెడితే పిల్లలు బుద్ధిగా ఉంటారనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

అయినా ఆ మూడు నాలుగు వారాలు మా ఇల్లు ఎంత బాగుండేదో. గోడలకు సున్నం వేస్తే పిల్లలిద్దరూ నెత్తి నుంచి కాళ్ల దాకా తెల్లగా అయ్యేవాళ్లు. పుట్టమన్ను తడిపి గొర్రెలు, ఎద్దు, గాడిద చేశారు. జ్యోతి చేసిన ఎద్దు అచ్చం పందిలా ఉంటే, ఇది ఏ ఊరి ఎద్దు బిడ్డా అని మా ఆయన ఏడిపించాడు. పగిలిన మూకుట్లో మట్టి పోసి రాగులు చల్లారు. అవి మొలిస్తే పాక ముందు పచ్చిక అవుతుంది. మొలిచాయా లేదా అని గంటకోసారి వంగి చూసి, ఊది, వేలితో కెలికి సగం వాళ్లే పాడుచేశారు. సాయంత్రాలు మా ఆయన వాకిట్లో కూర్చుని బొంగులు చీరి నక్షత్రం కట్టేవాడు. పిల్లలు మైదా జిగురుతో రంగు కాగితాలు అంటించేవాళ్లు. జ్యోతి అంటించినంత జిగురు నోట్లో కూడా వేసుకునేది. నేను గులాబీ పువ్వుల పిండివంటకు అచ్చు నూనెలో ముంచుతూ లోపల్నుంచి వాళ్లను కసురుకునేదాన్ని. కోపంతో కాదు. ఆ కసురుకోవడంలో కూడా సంతోషమే ఉండేది.

జ్యోతి బేరాలాడే రకం. అన్నం పారెయ్యకుండా తిన్నాను, ఒక పరక ఇయ్యి అనేది. ఏడవకుండా జడ వేయించుకున్నాను, ఇంకోటి అనేది. నాకు నవ్వొచ్చేది, ఇచ్చేసేదాన్ని. లూర్దు అలా కాదు. నేను లేచేసరికి బిందె నిండి ఉండేది. వాళ్ల మామ చెప్పులు తుడిచి ఉండేవి. పక్కింటి ముసలామెకు చూపు ఆనదు, ఆమె బియ్యంలో రాళ్లు ఏరిపెట్టి వచ్చేది. జ్యోతి పగలగొట్టిన పలక తనే పగలగొట్టానని ఒకసారి తిట్లు కూడా తిన్నది. అది నాకు తర్వాత తెలిసింది. ఏదైనా చేసి వచ్చి, గుమ్మం దగ్గర ఒక కాలి మీద ఇంకో కాలు వేసుకుని నిలబడి, చేసిన అత్తా అనేది. ఏం చేసిందో గొణిగేది. నేను పరక ఇచ్చేదాన్ని. ఇచ్చాక కూడా అది కాసేపు అక్కడే నిలబడేది.

ఎందుకు నిలబడేదో నాకు తెలుసు. ఒక్క మాట కోసం. శభాష్ బిడ్డా అని ఒక్క మాట. జ్యోతికైతే ఉత్తపుణ్యానికి అనేదాన్ని. దీనికి అనలేదు. నోరు రాలేదు. అప్పటికే లోపల కుట్టడం మొదలైంది. గుడి దగ్గర ఆడవాళ్లు, తల్లి లేకున్నా లూర్దు ఎంత బుద్ధిమంతురాలు, మీ జ్యోతిని కూడ జర చూసి నేర్చుకొమ్మను అన్నారు. ఒకరోజు మా ఆయన నిండిన నీలం రిబ్బను గంప చూసి, అచ్చం దాని తల్లే అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. నా కూతుర్ని చూసి ఆయన ఎన్నడైనా కళ్లు తుడుచుకున్నాడా? ఎంత తిక్క ఆలోచనో చూడండి. తల్లి బతికున్న పిల్లను చూసి ఎవరైనా ఎందుకు ఏడుస్తారు? అది నాకు తట్టలేదు. నా బిడ్డ నా ఇంట్లోనే తక్కువైపోతోంది అనిపించింది. జ్యోతి కూడా రెండు గంపలు పక్కపక్కన చూసి ముఖం మాడ్చుకుంది. నేనింక ఏం చెయ్య పో అని మూల కూర్చుంది.

పండుగ ముందు రోజు పొద్దున పిల్లలిద్దరూ మా ఆయనతో కలిసి పాకలో పొయ్యడానికి వాగు ఇసుక కోసం పోయారు. ఇంట్లో నేనొక్కదాన్నే. పొయ్యి మీద నూనె కాగుతోంది. నేను లేచి, చేతులు కొంగుకు తుడుచుకుని, నీలం రిబ్బను గంపలోంచి పిడికెడు గడ్డి తీసి ఎర్ర రిబ్బను గంపలో వేశాను. సరిపోలేదనిపించి ఇంకో పిడికెడు తీశాను. తర్వాత వచ్చి పొయ్యి ముందు కూర్చున్నాను. ఒక మాట మీకు చెప్పి తీరాలి. నాకు అప్పుడు హాయిగా కూడా అనిపించింది.

ఆ సాయంత్రం గుడికి బయల్దేరేముందు గంపలు తెచ్చాం. మా ఆయన బయట నిచ్చెనెక్కి నక్షత్రం కడుతున్నాడు. జ్యోతి తన గంప చూసి ఎగిరి గంతేసింది. లూర్దు తన గంపలోకి చూసింది. చెయ్యి పెట్టి అడుగు దాకా తడిమింది. గొడవ చేస్తుందేమో, ఏడుస్తుందేమో అనుకున్నాను. ఎలుకలు లాక్కుపోయాయని చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను. ఆ అబద్ధమే చెప్పి ఉంటే ఎంత బాగుండేది. కానీ అది నా ముఖంలోకి చూసి మెల్లగా అడిగింది.

"అత్తా, నా గడ్డి తక్కువైందేంది?"

నా నోట్లోంచి వచ్చింది ఇది.

"మెప్పు కోసం చేసినయి బాలయేసు తీసేస్తడు బిడ్డా. మనసుతోని చేసినయే ఉంచుతడు."

అది కొత్త గౌను అంచు పట్టుకుని నలిపింది.

"అవ్ అత్తా. నువ్వు మెచ్చుకోవాల్నని కొన్ని చేసిన."

అంతే. ఏడవలేదు. తప్పు ఒప్పేసుకుంది. చెయ్యని తప్పు. జ్యోతి బొమ్మను చేతిలోకి తీసుకుని, నువ్వు కూడ ఒక చెయ్యి పట్టు అని లూర్దును పిలిచింది. నా కూతురికి ఉన్నపాటి మంచితనం ఆ పూట నాకు లేకపోయింది. లూర్దు చేతులు వెనక్కి పెట్టుకుని, వద్దు, నువ్వే పెట్టు అంది. గుడిలో పాటలు పాడేటప్పుడు నా పక్కనే నిలబడి అందరికంటే గట్టిగా పాడింది. నేను పుస్తకంలో తల దూర్చుకుని నిలబడ్డాను.

అప్పుడే చెప్పేసి ఉండొచ్చు. మర్నాడు చెప్పొచ్చు. పండుగ పూట ఎందుకులే అనుకున్నాను. పండుగ అయ్యాక, పిల్లలు మరిచిపోయారులే అనుకున్నాను. జ్యోతి మరిచిపోయింది కూడా. కొత్త సంవత్సరం వచ్చాక లూర్దు తండ్రి కబురు పంపాడు. సిస్టర్ల హాస్టల్లో సీటు ఉంది, పంపిస్తారా అని. మా ఆయనకు సుతరామూ ఇష్టం లేదు. మా ఇంట్లో పెరుగుతుంది, ఎక్కడికీ పోదు అన్నాడు. అయినా పిల్లను ఒక మాట అడుగుదామని పిలిచాడు. లూర్దు పోతానంది. ఎందుకే అంటే, అక్కడ ఎవరూ చూడకుండా మంచి పనులు చెయ్యొచ్చు మామా అంది. ఆయనకు ఏమీ అర్థం కాలేదు. ఆ ఇంట్లో అర్థమైంది నాకొక్కదానికే.

ఆయన నా వైపు చూశాడు, నువ్వన్నా ఆపు అన్నట్టు. నేను ఆపలేదు. ఆపాలంటే నిజం చెప్పాలి మరి. అది పోతే ఆ ముఖం రోజూ చూడక్కర్లేదు అన్న ఆలోచన కూడా నా బుర్రలోకి వచ్చింది. వచ్చింది, దాచను. గులాబీ పువ్వులు డబ్బా నిండా కట్టి, బస్సు ఎక్కించి, ముద్దు పెట్టుకుని పంపాను. ఇంటికొచ్చి వాకిట్లోనే కూలబడి ఏడ్చాను. పక్కింటివాళ్లు చూసి, మేనకోడలి మీద ఎంత ప్రేమ అన్నారు. మా ఆయన మాత్రం తను సరిగ్గా చూసుకోలేదు కాబట్టే పిల్ల ఇల్లు విడిచి పోయిందని చాలాకాలం బాధపడ్డాడు. తను చనిపోయేదాకా అదే అనుకున్నాడు. ఆ బరువు కూడా నాదే, ఆయన చేత మోయించాను.

పాపసంకీర్తనం చేసుకోలేదా అని మీరు అడుగుతారు. ప్రతి పండుగకూ చేసుకున్నాను. ఫాదర్ గారి ముందు మోకరించి, అబద్ధం ఆడాను, అసూయపడ్డాను అన్నాను. అవి నిజమే. ఆ రెండు మాటల వెనక ఈ పిల్లను దాచిపెట్టాను. ఆయన క్షమాపణ ఇచ్చారు, జపాలు చెప్పమన్నారు, చెప్పాను. ఆయనకు తెలియని పాపానికి ఇచ్చిన క్షమాపణ నాకు ఎలా అంటుతుంది? పూర్తిగా చెబితే, దేవుడు క్షమించాడు వెళ్లమ్మా అంటారు. దేవుడి సంగతి సరే. ఆయన పేరు చెప్పి నేను దోచుకున్నది ఆ పిల్లను కదా.

లూర్దు ఇప్పుడు పెద్ద దవాఖానాలో నర్సు. పెళ్లయింది, పిల్లలున్నారు. జ్యోతీ, అదీ సొంత అక్కచెల్లెళ్లకంటే ఎక్కువ. లూర్దు ప్రతి డిసెంబరులో మా ఇంటికి వస్తుంది. వచ్చినన్నాళ్లూ నేను లేచేసరికి గిన్నెలు తోమి ఉంటాయి, బట్టలు మడతపెట్టి ఉంటాయి. ఎవరు చేశారంటే పలకదు. ఎవరైనా దాన్ని పొగిడితే లేచి ఇంకో గదిలోకి పోతుంది. ఎంత వినయం అంటారు అందరూ. పోయినసారి పొద్దున్నే వంటింట్లోకి పోతే అది నా మందుల డబ్బా సర్దుతోంది. నన్ను చూసి, తప్పు చేస్తూ దొరికినట్టు చేతులు వెనక్కి పెట్టుకుంది. నడివయసు మనిషి. ఆ మాట నా నోటిదాకా వచ్చింది. టీ పెట్టనా అన్నాను.

అందుకే మీకు రాస్తున్నాను. క్షమించమని కాదు, మీరు క్షమించడానికి ఇది మీ సొత్తు కాదు. లూర్దుకు ఎప్పుడైనా చెబుతానో, ఈ పిరికితనంతోనే పోతానో, అదీ తెలియదు. కానీ ఇంతవరకూ రాశాక ఊపిరి కొంచెం లోపలిదాకా పోతోంది. రాసేటప్పుడే ఇంకోటి కూడా తెలిసొచ్చింది. ఎనిమిదేళ్ల పిల్లకు అత్త మెచ్చుకోవాలని ఉండటం పాపం ఎట్లా అవుతుంది? తల్లి పోయినదానికి ఇంకెవరు మెచ్చుకోవాలని ఉంటుంది?

లూర్దూ, బాలయేసు ఏమీ తియ్యలేదు. నేను తీశాను. నువ్వు చేసిన ప్రతి ఒక్కటీ చూశాను బిడ్డా. అవి మంచివి కాబట్టే తీశాను.