ధర్మవరంలో నేయించిన తెల్ల పెళ్ళిచీర

మా క్రైస్తవుల ఇళ్ళలో పెళ్ళికూతురు తెల్లపట్టు చీర కట్టుకోవడం ఆనవాయితీ. అది నేయించడానికి ధర్మవరం పోదామనుకునే తండ్రులు ముందు నా అవస్థ చదవండి. రేపు మా అమ్మాయి రూతు పెళ్ళనగా చీర ఇంకా నేతగాడి ఇంట్లోనే ఉంది. పెళ్ళికొడుకు పటాలంలో సిపాయి. పెళ్ళైన మర్నాడే యుద్ధానికి పోవాలి కాబట్టి రోజు మార్చడానికి లేదు. నేను కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే, నా భార్య మరియమ్మ తాపీగా చింతపండు పిసుకుతూ, "ప్రభువు చూసుకుంటాడులే, పోయిరాండి" అంది. ప్రభువు చూసుకుంటాడు సరే, చీర మోసుకొచ్చేది నేనే కదా.

మా హిందూపురంలో పొద్దున్నే ధర్మవరానికి రైలుంది. మరియమ్మ ప్రార్థన పొడుగై అది కాస్తా తప్పిపోయింది. పెనుకొండలో ఇంకో రైలు పట్టుకోవచ్చని ఆరణాలిచ్చి బస్సెక్కాను. పెట్రోలు దొరక్క బస్సులన్నీ బొగ్గుపొగతో నడుస్తున్న రోజులు. ఎత్తు వచ్చిన ప్రతిచోటా అది నిలబడిపోయేది.

"ఏమప్పా, పెనుకొండ ఎప్పుడు చేరుస్తావు?" అన్నాను డ్రైవరుతో.

"బండికి ఆయాసం వచ్చిండాది సార్. రవ్వంతసేపు దిగి తోయండి."

టికెట్టు కొని మరీ తోశాను. కొండ మీది కోట కనబడేసరికి మిట్టమధ్యాహ్నం. స్టేషను బయట రాగిసంగటి, నంజుకోను చెనక్కాయల పచ్చడి, అదే ఊరిబిండి, దొరుకుతాయి. తినేయండి, రైలు ఎలాగూ ఆలస్యమే.

ధర్మవరంలో నేతగాడు ఓబులేసు చీర విప్పగానే నా ఒళ్ళు మండిపోయింది. పాలనురుగులాంటి తెలుపుకు రెండు పక్కలా సన్నటి ఎర్రంచు. ఒక్క రంగు పోగు కూడా ఉండకూడదని చిలక్కి చెప్పినట్టు చెప్పానే. గొంతు చించుకుంటుంటే లోపల్నుంచి వాళ్ళమ్మ వచ్చింది. పండు ముసలావిడ.

"వాణ్ణి తిట్టొద్దప్పా, నేనే పెట్టించినా. వట్టి తెల్లచీర మా వాళ్ళల్లో మొగుడు పోయినోళ్ళు కట్టేది. పెండ్లికొడుకు పటాలంలో ఉండాడని నువ్వే చెప్తివి. యుద్ధానికి పొయ్యేవాని పెండ్లానికి అట్లాంటిది ఎట్ల నేసేది? మాకు చేతులు రాలేదు."

మాలో తెలుపు పరిశుద్ధతకు గుర్తని చెప్పబోయాను. అల్లుడు తిరిగిరాడేమోనన్న భయం, సంబంధం కుదిరిన నాటినుంచీ నన్ను తింటూనే ఉంది. ఇంట్లో ఎవరి దగ్గరా అననిది ఈ అవ్వ నా ముందే అనేసింది. అంచు తీసేస్తే చీరే మిగలదన్నాడు ఓబులేసు. చంకన పెట్టుకుని సాయంత్రం రైలెక్కాను.

ఇంట్లో సంగతంతా చెప్పక తప్పలేదు. రూతు అంచు మీద వేలు రాస్తూ విన్నది.

"ఇదే కట్టుకుంటా నాయనా. ఆయన తిరిగొచ్చేది దేవుని చేతిలో ఉండాది, అంచులో లేదు."

"అయ్యగారు ఏమంటారో?"

"పాస్టరు అయ్యగారు ఏమన్నా అననీ. పాపం, ఆ అవ్వ కూడా ఆయన బాగుండాలనే కదా పెట్టింది."

పెళ్ళి ఆ చీరతోనే జరిగింది. అయ్యగారు అంచు చూడనే లేదు, నేను దారిపొడుగునా గుటకలు మింగిందే మిగిలింది. అల్లుడు ఇంకా యుద్ధంలోనే ఉన్నాడు. కొన్ని నెలలుగా కబురు లేదు. రూతు ప్రార్థన చేసుకుని హాయిగా నిద్రపోతుంది. ఆదివారం పిల్లలకు విశ్వాసం గురించి పాఠం చెప్పే నేను మాత్రం ఇంటికప్పు చూస్తూ పడుకుంటాను. మొన్న విసుగొచ్చి, "నీకు భయమే లేదా తల్లీ?" అని అడిగేశాను. "ఎందుకు లేదు నాయనా? భయముండబట్టే కదా రోజూ ఆయన్ను దేవునికి అప్పజెప్పి పడుకునేది" అంది. ఆ రాత్రి నేనూ ఆమె పక్కన మోకరించాను. నిద్ర అయితే ఇంకా సరిగా పట్టడం లేదు.

ఒక్క సలహా. ధర్మవరంలో తెల్లచీర నేయించేటప్పుడు నేసే కొడుకుతో కాదు, ఆ ఇంటి అవ్వతో మాట్లాడండి. తెలుపు ఎందుకో ఆమెకు ముందే చెప్పండి. పెళ్ళికొడుకు పటాలంలో ఉంటే మాత్రం ఆమె పెట్టే ఎర్రపోగుకు అడ్డం చెప్పకండి.