పూలమ్మ మందలో మా పెయ్య

మా పెయ్య ఇవాళ బతికి ఉందంటే అది పూలమ్మ చలవ. ఆవిడ ఎదుట అంటే నవ్వి కొట్టిపారేస్తుంది, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

పూలమ్మ గోదావరిఖనిలో మా క్వార్టర్ల వెనక నాటు ఆవులు మేపుకునే మనిషి. భర్త పోయాక ఇల్లు నడిపినవి ఆ నాలుగు ఆవులే. నేను ముప్పై ఏళ్లు బొగ్గు బాయిలో చేసి రిటైరైనవాణ్ణి. డ్యూటీ దిగి ఒళ్లు రుద్దుకోనిదే ముద్ద ముట్టని అలవాటు. పాల కోసం తెచ్చిన జెర్సీ పెయ్యకూ అదే అంటించాను. రోజూ కడగడం, నెలనెలా మందు కొట్టడం, షెడ్డు దాటనివ్వకపోవడం. రెండేళ్లలో దానికి రక్తం తాగే గోమారి పురుగు ఒక్కటీ పట్టలేదు. పూలమ్మ ఆవుల చెవుల్లో అవి కనబడితే ఎగతాళి చేసేవాణ్ణి.

"చిన్నప్పుడు కొన్ని కుట్టాలె అన్నా. లేకుంటే తోలుకు ఎట్ల ఎరుకైతది?" అనేది. నేను వింటేగా.

పోయినేడు గాలివానకు షెడ్డు రేకులు లేచిపోయి, పెయ్యను బయటికి తోలక తప్పలేదు. పది రోజుల్లో చెవులు, పొదుగు, తోక మొదలు అంతా గోమార్లే. రక్తం తాగి ఆముదం గింజల్లా ఉబ్బాయి. ఆపైన జ్వరమొచ్చి పెయ్య కూలబడింది. పశువుల డాక్టరు హర్షిణికి ఫోన్ చేయించింది పూలమ్మే.

డాక్టరమ్మ సూది వేసి చెప్పింది. "నాటు దూడలను చిన్నప్పటి సంది కొన్ని కొన్ని కుడుతయి కాకా. ఒళ్లు గోమారి ఎంగిలిని గుర్తుపడ్తది. మల్ల కుడితే దురద లేస్తది, నాకి రాలుస్తయి. రక్తం సక్కగ దొరకక గోమారి ఎండిపోతది. మీ పెయ్యకు అన్నీ ఒక్కపారే పట్టినయి."

మూడు రోజులు పూలమ్మ దాని పక్కనే కూర్చొని గంజి తాపింది. నాలుగో రోజు అది లేచి నిలబడితే నాకు ఏడుపొచ్చింది. మళ్లీ షెడ్డులోనే కట్టేస్తానన్నాను.

"బాయిల దిగిన మొదటి దినమే బొగ్గు కొట్టినవా అన్నా?"

"లేదు. ముందు ట్రైనింగు, తర్వాత పాతోళ్ల ఎంట తిరిగిన."

"దీనికీ గంతే. జర కోలుకోనీ, నా మందల రోజుకో గంట తిప్పుత."

అలాగే తిప్పింది. ఈ ఏడూ గోమార్లు పట్టాయి గానీ కొన్నే, అవీ చిన్నవి. నాటు ఆవుకున్నంత బలం దీనికి రాదట, అందుకని డాక్టరమ్మ చెప్పినప్పుడు మందు కొడుతున్నాను.

మొన్న పొద్దున పెయ్య ఈనింది. మొదటి పాలు చెంబు నిండా పిండి, పరుగున పూలమ్మకు పట్టుకెళ్లాను.

"ముందు దూడకు తాపినవా? దాని బలమంత ఈ పాలల్లనే ఉంటది," అంది.

తాపలేదు. ఆవిడ చెంబు నా చేతిలోనే ఉంచి, చెప్పులు తొడుక్కొని నాకంటే ముందు మా షెడ్డు వైపు నడిచింది.