మాజీ అల్లుడే మేనేజర్

నవంబరు మొదటి ఆదివారం, షాంటిలీ. గడియారాలు గంట వెనక్కి తిప్పుకునే రోజు.
హాజరు: నేను, నా భార్య, మా అమ్మాయి, ముందురోజు ఐసెలిన్ నుంచి వచ్చిన మా బావమరిది. సాయంత్రం నాలుగు నుంచి ఇంకొకరు.

ఆ రోజు డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. ఎవరెవరు ఉన్నారో ముందు రాసుకుని తర్వాతే సంగతిలోకి వెళ్ళడం నా అలవాటు. నీటి శాఖలో ఇంజనీరుగా ఏళ్ళ తరబడి మీటింగుల మినిట్స్ రాయడం వల్ల వచ్చింది, రిటైరయ్యాక కూడా పోలేదు. అయితే "ఇంకొకరు" అన్నది నేను మామూలుగా రాసే మాట కాదు. అతనికి మా ఇంట్లో ఏ వరస మిగిలిందో ఆ పూటకి నాకు తేలలేదు.

మా అమ్మాయి అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేస్తోంది. ఈ వాక్యం చదివి ఎవరైనా నవ్వితే నేనేమీ అనుకోను, మొదటిసారి విన్నప్పుడు నేనూ నవ్వాను. ఇక్కడే పుట్టింది, నలభై దాటింది, హైస్కూల్లో సైన్స్ చెబుతుంది. ఏడాదికి రెండుసార్లు గడియారాలు తిప్పే పద్ధతి ఆపెయ్యాలన్నది ఆమె ఏకైక నినాదం. పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీలో ఎవరెవరు నిలబడ్డారో పత్రికలు రాస్తే మా అమ్మాయి "తదితరులు" అన్న మాటలో ఉండేది. గెలవనని ఆమెకీ తెలుసు. తనకి కావలసింది ఒక్కటే, మా వర్జీనియా బ్యాలెట్ మీద తన పేరు. దానికి రిజిస్టరైన ఓటర్ల సంతకాలు వేలల్లో కావాలి. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, కళ్ళ ముందే పెట్టించుకోవాలి.

ఆ పని మా ఇంట్లో నా భార్యకే సాధ్యం. షాంటిలీలో ఏ తెలుగువాళ్ళ తలుపైనా ఆమెకి తెరుచుకుంటుంది. ఎవరింట సీమంతమైనా గృహప్రవేశమైనా పులిహోర ఆమెదే. మా ఇంట్లో శుభకార్యమైతే మెసేజ్ పెట్టి ఊరుకోదు, ఇంటింటికీ వెళ్ళి బొట్టు పెట్టి పిలుస్తుంది. అలా పిలిచిన మనిషికి రామని చెప్పడం కష్టం. ఆమె తిరగకపోతే అమ్మాయి పేరు బ్యాలెట్ ఎక్కదని మాకందరికీ తెలుసు. ముందురోజు దీపావళి పార్టీకి సంతకాల కాగితాలు పట్టుకెళ్ళి అన్నీ నింపుకొచ్చింది. అవి టీవీ పక్కన దొంతరగా ఉన్నాయి.

భోజనాల బల్ల దగ్గర ఫోన్లు ఉండకూడదన్నది నేను పెట్టిన నియమం. అందరి ఫోన్లూ హాల్లో బుట్టలో ఉన్నాయి. టమాటా పప్పు, బెండకాయ వేపుడు. మా అమ్మాయి మజ్జిగలోకి వచ్చేదాకా ఆగి చెప్పింది.

"క్యాంపెయిన్ మేనేజర్ దొరికాడు."

నేను ఆ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టలేదు. కానీ నన్నే అడుగుతుందని అనుకున్నాను. రంగురంగుల ఫోల్డర్లు కూడా కొని పెట్టుకున్నాను.

"ఎవరమ్మా? మనవాడేనా?" అన్నాడు బావమరిది.

"మనవాడే. అంటే, ఒకప్పుడు."

నా భార్య చేతిలో గరిటె గిన్నె మీదే ఆగిపోయింది. నాకు అర్థం కావడానికి ఆమె కంటే కొంచెం ఎక్కువసేపు పట్టింది.

"మీ ఆయనా?" అన్నాడు బావమరిది.

"ఎక్స్, మావయ్యా."

"ఏ ముక్క తగిలిస్తేనేం! విడాకులిచ్చి పంపినవాణ్ణి పిలిచి ఉద్యోగమిస్తావా? దేశం నిండా మనుషులున్నారు కదే, ఇంకెవరూ దొరకలేదా?"

"దొరికారు. వాళ్ళు వద్దు."

"జీతం కూడా ఇస్తున్నావా?"

"లేదు. వాలంటీర్."

"అయితే భరణం అతనే నీకు ఎదురు ఇస్తున్నాడన్న మాట!"

నా భార్య గరిటె కింద పెట్టి నా వైపు తిరిగింది. "మీరేం మాట్లాడరేం?"

వాళ్ళు విడిపోయి కొన్నేళ్ళయింది. పిల్లలు లేరు, గొడవలూ లేవు. ఒక రోజు అమ్మాయి వచ్చి అయిపోయిందని చెప్పింది, అంతే. ఎందుకని అడిగితే "ఇద్దరం బాగానే ఉన్నాం నాన్నా" అంది. ఆ తర్వాత అతని పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. నా భార్య పెళ్ళి ఆల్బం గెస్ట్‌రూమ్ అల్మారా పై అరలోకి మార్చేసింది. అంతా అక్కడితో సరి అనుకున్నాం.

"అసలు అతనే ఎందుకమ్మా?" అని మాత్రం అడగగలిగాను.

"నాకు నో చెప్పేవాడు కావాలి. మీరంతా సరే తల్లీ, సరే తల్లీ అంటారు. తను అనడు. పెళ్ళిలో అదే ప్రాబ్లం. క్యాంపెయిన్‌కి అదే కావాలి."

"వినండి బావగారూ, వినండి," అన్నాడు బావమరిది. "పెళ్ళికి పనికిరానివాడు ప్రెసిడెంటు ఎలక్షన్‌కి పనికొస్తాడట!"

నా భార్య గొంతు పెంచలేదు. పెంచి ఉంటే మాకు కొంచెం ధైర్యంగా ఉండేది. "ఆ అబ్బాయి ఈ పనిలో ఉంటే నేను ఒక్క ఇంటికి కూడా వెళ్ళను. ఏ మొహం పెట్టుకుని వెళ్ళమంటావు? ఈయనెవరండీ అంటే ఏం చెప్పను? ఒకప్పుడు అల్లుడు, ఇప్పుడు మేనేజర్ అని చెప్పనా? వాళ్ళందరూ నీ పెళ్ళిలో అక్షింతలు వేసినవాళ్ళే!"

"అమ్మా, నువ్వు వెళ్ళకపోతే నేను బ్యాలెట్ మీద ఉండను."

"అది నువ్వు ముందు ఆలోచించుకోవాల్సింది."

మా అమ్మాయి కళ్ళు పళ్ళెంలోకి దించుకుంది. పిల్లలకి పాఠం చెప్పే గొంతు అంత చిన్నగా అయిపోవడం నేనెప్పుడూ వినలేదు. "తను ఇవాళ వస్తున్నాడు. నాలుగింటికి."

వంటింటి గడియారం చూశాను. మూడయింది. "ఇంకా గంట టైముంది. ఫోన్ చేసి ఇవాళ వద్దని చెప్పు," అన్నాను. ఆమె కదల్లేదు. బావమరిది అందుకున్నాడు. షామ్‌బర్గ్‌లో ఉండే అప్పటి పెళ్ళికొడుకు తల్లిదండ్రులు, విడిదిలో చల్లారిన కాఫీ, వాళ్ళ పెదనాన్న అలక, అన్నీ ఒక్కొక్కటిగా బయటికి తీశాడు. అన్నం తిన్న చేతులు ఎండిపోతున్నాయి. ఎవరూ లేవలేదు. "అసలు ఆ మొహం చూసినప్పుడే అనుకున్నా" అని బావమరిది గట్టిగా అంటుండగా బెల్ మోగింది.

తలుపు తీశాను. చేతిలో లాప్‌టాప్ సంచితో నిలబడి ఉన్నాడు. చెంపల దగ్గర జుట్టు నెరిసింది.

"ఫోర్ అన్నారు కదా. టెన్ మినిట్స్ నుంచి బయటే ఉన్నా. లోపల డిస్కషన్ అవుతోందని బెల్ కొట్టలేదు."

"ఇంకా మూడే కదా!" అన్నాడు బావమరిది లోపలినుంచి.

ఎడమచేత్తో బుట్టలోంచి ఫోన్ తీసి చూశాను. నాలుగు దాటింది. తర్వాత తేలిందేమిటంటే, వంటింటి గడియారం శనివారం సాయంత్రమే నేను గంట వెనక్కి తిప్పాను. ఆదివారం పొద్దున్న నా భార్య లేచి మళ్ళీ ఇంకో గంట తిప్పింది. ఒకరికొకరం చెప్పుకోలేదు. మా అమ్మాయి ముందు గడియారాన్ని, తర్వాత మమ్మల్ని చూసి, "నేను స్పీచ్ కూడా ఇవ్వక్కర్లేదు," అంది.

"లోపలికి రావచ్చా, అంకుల్?" అన్నాడతను.

పెళ్ళికి ముందు నన్ను "మావయ్యగారూ" అని పిలవడానికి అద్దం ముందు ప్రాక్టీసు చేశాడని మా అమ్మాయి నవ్వుతూ చెప్పింది ఒకప్పుడు. ఇప్పుడు అంకుల్. తప్పులేదు. ఈ దేశంలో ఏ వరసా లేని పెద్దవాళ్ళందరూ అంకుల్సే. "రా బాబూ," అన్నాను.

"నమస్తే, ఆంటీ."

నా భార్య నాతో అంది. "కూర్చోమనండి. కాఫీలో చక్కెర వెయ్యాలేమో అడగండి."

అతను ఆమెకి రెండు అడుగుల దూరంలో ఉన్నాడు. "షుగర్ వద్దు, అంకుల్," అన్నాడు నాతోనే. నేను ఇటు తిరిగి "వద్దట" అన్నాను. ఆమె వంటింట్లోంచి తెచ్చిన కాఫీలో చక్కెర లేదు. నేను "వద్దట" అనేసరికే కలిపేసి ఉంది.

అతను సోఫాలో కూర్చుని టీవీ పక్కన కాగితాలు తీసుకున్నాడు. పై రెండు చదివి ఆగాడు. "ఇవి ఎక్కడివి?"

"దీపావళి పార్టీలో అమ్మ తెచ్చింది," అంది మా అమ్మాయి.

"వీళ్ళంతా సిటిజెన్సేనా? అంకుల్, ఆంటీని అడుగుతారా?"

నేను అడగనక్కర్లేకపోయింది. "మొదటాయన సిటిజెన్ అని చెప్పండి. ఆయన భార్యకి గ్రీన్ కార్డే. ఆ కిందవాడు హెచ్‌వన్. తర్వాతిది అతని అత్తగారు, మొన్ననే విజిటర్ వీసా మీద వచ్చింది, పాపం మోకాళ్ళ నొప్పులు."

అతను కాగితం ఒళ్ళో పెట్టుకున్నాడు. "తెలిసీ ఎందుకు తీసుకున్నారు?"

"చెప్పండి, వాళ్ళు భోజనాలకి వరసగా కూర్చున్నారని. ఒకరి ముందు కాగితం పెట్టి, పక్కవాళ్ళని దాటేసి, ఆ పైవాళ్ళకి ఎలా ఇస్తాం? పంక్తిలో కూర్చోబెట్టి మధ్యలో ఒకరికి వడ్డించకుండా వెళ్తామా? పనికిరానివి ఆ ఆఫీసువాళ్ళే కొట్టేసుకుంటారనుకున్నాను."

వాళ్ళు మాత్రం సంతకాలు ఎందుకు పెట్టారు? ఆంటీ అడిగింది కాబట్టి. కాగితం మీద ఏముందో ఒక్కరూ చదివి ఉండరు. మా వాళ్ళ మొహమాటం నాకు తెలుసు.

"కొట్టేస్తారు, అది ప్రాబ్లం కాదు," అన్నాడతను. ఇప్పుడు నన్ను మధ్యలో పెట్టుకోవడం మరిచిపోయాడు. "ఇక్కడ పైన ప్రింట్ అయి ఉంది, ఆంటీ. సంతకం పెట్టినవాళ్ళు మేము వోటర్లం అని చెప్తున్నట్టు. సిటిజెన్ కానివాళ్ళు ఇది చెప్పకూడదు. ఎప్పుడో గ్రీన్ కార్డ్ ఇంటర్వ్యూలో, సిటిజెన్‌షిప్ ఇంటర్వ్యూలో ఎవరైనా ఇది తీసి అడిగితే?"

నా భార్య నెమ్మదిగా బల్ల అంచు పట్టుకుంది. "ఆ కడుపుతో ఉన్న పిల్ల," అంది. "నా పక్కనే కూర్చుని పెట్టింది. వాళ్ళకి ఇంటర్వ్యూ వచ్చే నెల."

"అక్కా, ఊరికే భయపెడుతున్నాడు," అన్నాడు బావమరిది.

"నువ్వుండరా."

మా అమ్మాయి కాగితాలు చేతిలోకి తీసుకుంది. "ఆ లైన్లు మాత్రం కొట్టేద్దాం. మిగతావన్నీ మంచివే."

"కొట్టేసినా పేరు కనపడుతుంది. షీట్ మొత్తం వద్దు."

"డెడ్‌లైన్ తెలుసా నీకు? ఇవి పోతే మళ్ళీ జీరో!"

"తెలుసు. నో."

"క్యాండిడేట్‌ని నేను!"

"మేనేజర్ నేను. ఫైర్ చెయ్యి. నీకు అలవాటే కదా."

బావమరిదికి నవ్వు ఆగక దగ్గు వచ్చింది. మా అమ్మాయి ఎర్రబడింది. నేను నా భార్యనే చూస్తున్నాను. మా ఒక్కగానొక్క కూతురికి మా ఇంట్లో, మా ఎదురుగా, ఒకరు వద్దని చెప్పడం, ఆమె దానికి అడ్డు వెళ్ళకపోవడం నేను చూడటం అదే మొదలు. నా భార్య వచ్చి అమ్మాయి చేతిలోంచి కాగితాలు తీసుకుంది. నా గదిలో పాత బిల్లులు ముక్కలు చేసే యంత్రం ఉంది. దాని చప్పుడు హాల్లోకి వినిపించింది, ఆగి, మళ్ళీ వినిపించి, చాలాసేపు.

తిరిగి వచ్చి అతని ఎదురుగా కూర్చుంది. మాటలు మాత్రం నాతోనే. "మళ్ళీ మొదలుపెడదామని చెప్పండి. సిటిజెన్స్ ఇళ్ళు నేను చెబుతాను. దారి అతన్ని చూసుకోమనండి. నేనైతే డ్రైవ్ చెయ్యను."

"నేను తీసుకెళ్తాను," అన్నాను.

"మీతో ఎక్కడ? ప్రతి ఇంటి ముందూ ఆగి మైలేజీ రాసుకుంటారు."

"మరి ఇతనెవరని అడిగితే ఏం చెబుతావక్కా?" అన్నాడు బావమరిది. అది ఎకసెక్కమో నిజంగా అడిగాడో నాకు తెలియదు. ఆమె లేచి ఖాళీ కప్పు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. ఆ పూటంతా నేనూ అదే ఆలోచించాను.

మర్నాడు పొద్దున్న మా అమ్మాయి స్కూలుకి వెళ్ళింది. బావమరిది కాఫీ తాగి ఐసెలిన్ బయల్దేరాడు. మేనేజర్ చెప్పిన వేళకే కారుతో వచ్చాడు. నా భార్య పట్టుచీర కట్టుకుని, కుంకుమ భరిణె సంచిలో వేసుకుని, కొత్త కాగితాలు చేత్తో పట్టుకుంది. కారెక్కలేదు. మొదటి ఇల్లు మా ఎదురిల్లే. ఇద్దరూ నడిచే వెళ్ళారు, కొంచెం దూరం దూరంగా. నేను వెనకే వెళ్ళి, మాటలు వినిపించేంత దూరంలో ఎదురింటి వాకిట్లో ఆగాను.

ఎదురింటావిడ మా ఈడుదే. మా అమ్మాయి పెళ్ళిలో మంగళహారతి పట్టింది.

తలుపు తెరుచుకునే లోపల అతను మెల్లిగా అడిగాడు. "ఈ ఆంటీ సిటిజెనేనా?"

"నాకంటే ముందే అయింది. ఆ ప్రశ్న అడక్కు, నొచ్చుకుంటుంది," అంది నా భార్య. నా వైపు చూడలేదు. సూటిగా అతనితోనే అంది.

తలుపు తీసిన ఆవిడ ముందు నా భార్యని, తర్వాత పక్కనున్నవాణ్ణి చూసింది. చెయ్యి నోటి మీదికి పోయింది. "ఇతను మీ..."

"ఆఁ, అతనే," అంది నా భార్య, ఆవిడ నుదుట బొట్టు పెడుతూ. "ముందు సంతకం పెట్టండి. తర్వాత అడుగుదురు గాని."

ఆవిడ తెరిచిన నోరు తెరిచినట్టే ఉంచి, అతని చేతిలోంచి పెన్ను అందుకుంది.