నా ఫోన్‌లో ఒక నాటు పాట

షాద్‌నగర్‌లో బస్సెక్కాను. స్టోరేజ్ నిండిందని ఫోన్‌లో పాత ఫొటోలు తీసేస్తుంటే పక్క సీటులోని నడివయసు ఆమె అడిగింది.

"ఫోన్ల జాగా ఖాళీ అయిందా సారూ? వరి నాట్లేసేటప్పుడు మా అమ్మ పాడిన నాటు పాట పంపుత, ఉంచుకుంటరా?"

"నాకెందుకమ్మా?"

"నా ఫోన్ మడిల పడి అమ్మ పాటలన్నీ పోయినయ్. గిదొక్కటి మా చెల్లె ఫోన్ల ఉండబట్టి మిగిలింది. అమ్మ ఇప్పుడు లేదు."

"క్లౌడ్‌లో బ్యాకప్ పెట్టుకోవచ్చు కదా?"

"గవి నాకు రావు సారూ. గిట్ల ఇస్తే ఎవరి దగ్గరనో ఒకరి దగ్గర ఉంటది."

బ్లూటూత్‌లో పాట వచ్చింది. మొత్తం వచ్చిందో లేదోనని నా ఫోన్‌ను చెవికి ఆనించుకుని చివరిదాకా విన్నది. జడ్చర్లలో దిగిపోయింది. పేరు అడగలేదు.

ఫోన్ మార్చినప్పుడల్లా ఆ పాటను కొత్తదాంట్లోకి ఎక్కిస్తాను. స్టోరేజ్ నిండితే ఇప్పటికీ నా ఫొటోలే తీసేస్తాను.