యాపిల్ తోటకి కొన్న గ్లవ్స్

అమెరికాలో, షామ్‌బర్గ్ స్టేషన్‌లో రైలు కోసం కూర్చుని, అప్పుడే కొన్న తోటపని గ్లవ్స్ వేసుకుని చూసుకుంటున్నాను. ఇంకో నెలలో న్యూజిలాండ్ ప్రయాణం. వర్కింగ్ హాలిడే వీసా మీద ఏడాది పాటు యాపిల్స్ కోస్తూ ఊళ్లు తిరగాలని నా ప్లాన్.

ఫోన్‌లో అమ్మతో నేను తెలుగులో మాట్లాడటం విని పక్కనున్నతను పలకరించాడు. మాస్టర్స్ చేశాడట, ఉద్యోగం దొరకలేదట, ఆదివారం గుంటూరు వెళ్లిపోతున్నాడట.

నా వీసా సంగతీ, యాపిల్ తోటల సంగతీ చెప్పి, "నువ్వూ న్యూజిలాండ్ వచ్చెయ్. ఆన్‌లైన్‌లో అప్లై చేయి, చాలా ఈజీ," అన్నాను.

"ఆ వీసా మీ అమెరికన్ పాస్‌పోర్ట్‌కి ఇస్తారండీ, మాకివ్వరు. అయినా కాయలు కోయడం హాలిడే ఏంటండీ? సీజన్ వస్తే మా అమ్మ రోజూ మిరపకాయల కోతకి వెళ్తుంది. చేతుల మంటకి కొబ్బరినూనె రాసుకుంటుంది. చిన్నప్పుడు మేం ఏడ్చినా చేత్తో కళ్లు తుడిచేది కాదు."

నా హాలిడేని కూలిపని చేసేశాడని నాకు ఒళ్లు మండింది.

అతను గ్లవ్స్ వైపు చూశాడు. "అవి నాకిస్తారా? అమ్మకి పట్టుకెళ్తాను. మీరు మళ్లీ కొనుక్కోవచ్చు కదా."

"సారీ, నాకు పనుంది వీటితో," అన్నాను.

"పర్లేదండీ, ఊరికే అడిగాను," అని లేచి, రైలు రాగానే వేరే పెట్టెలో ఎక్కాడు.

తోటలో ఆ గ్లవ్స్ రెండు రోజులు వేసుకున్నాను. చెమట పడుతోందని మూడో రోజు చెత్తబుట్టలో పడేశాను.