మా ఇల్లు చూడవచ్చి తుమ్మినవాళ్ళు

మా ఇల్లు కొనడానికి వచ్చిన మొదటి మనిషి గడప మీద కాలు పెట్టి తుమ్మాడు. షాబాద్ నుంచి వచ్చిన బట్టల వ్యాపారి ఆయన. మాలాగే కోమట్లు, మా పట్టింపులే వాళ్ళవీ. ఒంటి తుమ్ము పడితే మొదలుపెట్టిన పని ఆపాలి, కూర్చుని మంచినీళ్ళు తాగి మళ్ళీ లేవాలి. పాపం, అరుగు మీద కూర్చున్నాడు. చెంబెడు నీళ్ళు తాగాడు. దేవుడికి దండం పెట్టుకుని లేచి, గడప దగ్గరికి వచ్చి మళ్ళీ తుమ్మాడు. ఇంకో చెంబు కూడా తాగాక, "మంచిరోజు చూస్కొని మళ్ల వస్త సేటు" అని మా బాపుతో చెప్పి వెళ్ళిపోయాడు. ఆ మంచిరోజు ఆయనకు ఇంకా రాలేదు.

తప్పు ఆయనది కాదు. చేవెళ్లలో మా తాతల కాలం నుంచి మాది ఎండుమిరపకాయల వ్యాపారం. ఇంటి నడిమి గదిలో నేల నుంచి దూలం దాకా గోనె బస్తాలు ఉండేవి. ఇల్లు అమ్మకానికి పెట్టకముందే బాపు సరుకంతా బజారులోని గోదాముకు మార్చాడు గానీ, గదిలోని మట్టిగోడలు అన్నేళ్ళ ఘాటును పీల్చుకుని కూర్చున్నాయి. ఎండ ముదిరిందంటే గోడల్లోంచి అది బయటికి వచ్చేది. మాకు అలవాటే, తెలిసేది కాదు. కొత్తవాళ్ళు మాత్రం ముక్కు పట్టుకునేవాళ్ళు.

ఇంట్లో అది పడనిది అమ్మకొక్కతికే. ఎండాకాలం వచ్చిందంటే ఆమెకు దగ్గు మొదలయ్యేది. పడుకుంటే ఊపిరి ఆడదని మెత్తలు రెండు వెనక పెట్టుకుని, గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. దవాఖానలో డాక్టరు మందు రాసి, ఇల్లు మారితే మంచిదన్నాడు. చీర కావాలని, నగ కావాలని ఎన్నడూ అడగని మా అమ్మ ఇల్లు మారుదామని అడిగింది. మొయినాబాద్‌లో ఊరి చివర ఒక ఇల్లు చూశారు. రెండు దిక్కులా కిటికీలు, వెనక జొన్నచేను, పగలంతా గాలి. దాన్ని చూసి వచ్చిన రోజు అమ్మ అంత హాయిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ఆ ఇంటాయన దీపావళి దాకా ఆగుతానన్నాడు. ఈ లోపల మా ఇల్లు అమ్ముడుపోవాలి.

అది అరవై తొమ్మిది. తెలంగాణ కోసం పట్నమంతా అట్టుడుకుతోంది. బడులు మూసేశారు. నేను తొమ్మిదో తరగతి. సెలవులే సెలవులని ఎగిరి గంతేసిన నాకు ఇంట్లో చాకిరీ సిద్ధంగా ఉంది. ఒకరోజు బస్సులు నడిస్తే ఒకరోజు బంద్. కొనేవాళ్ళు ఎప్పుడొస్తారో, అసలు రాగలరో లేదో ఎవరికీ తెలియదు. మేము మాత్రం రోజూ ఇంటిని పెళ్ళిచూపుల పిల్లలా ముస్తాబు చేసి కూర్చునేవాళ్ళం.

వాసన ఉన్నదన్న మాటే బాపు ఒప్పుకునేవాడు కాదు. ఆయనకు కోపం ముక్కు మీదే ఉండేది, ఘాటు మాత్రం ఆ ముక్కుకు అందేది కాదు.

"వాసన ఎక్కడున్నదే? మిరపకాయ అంటే లచ్చిమి. లచ్చిమి మీద తుమ్మేటోడు ఇల్లేం కొంటడు?"

నాయనమ్మ కొడుకును ఏమీ అనలేక సాంబ్రాణి మీద పడింది. పట్నం నుంచి ఒకాయన వస్తున్నాడని కబురు తెలిసి, పొద్దున్నుంచే గదిగదికీ నిప్పుల పళ్ళెం తిప్పింది. ఆయన వాకిట్లోనే ఆగిపోయి, "లోపల ఏమన్న అంటుకున్నదా?" అని అడిగాడు. ఎంత చెప్పినా లోపలికి రాలేదు.

తర్వాత వంతు బాపుది. అత్తరు తెచ్చాడు. వాసనే లేదన్న మనిషి అత్తరు ఎందుకు తెచ్చాడని అడిగే ధైర్యం ఎవరికుంది? ద్వారబంధాలకు, కిటికీ తలుపులకు, చివరికి నా జడకు కూడా పూశాడు. అత్తరూ మిరప ఘాటూ కలిస్తే ఏమవుతుందో నేను రాసి చెప్పలేను. ఆ వారం వచ్చిన వడ్ల వ్యాపారి వరసబెట్టి తుమ్మి, "ఇంట్ల పెండ్లి ఉన్నదా సేటూ?" అని అడిగి, కళ్ళు తుడుచుకుంటూ పోయాడు.

అప్పుడు అమ్మ కొంగు నడుముకు దోపింది.

"వాసన పెట్టుడు గాదు, ఉన్న వాసన తియ్యాలె. మీరు జర అరుగు మీద కూసోండ్రి" అంది.

బాపు కూర్చున్నాడు. ఆ వింత చూడటానికే నాకు రెండు కళ్ళూ చాలలేదు. అమ్మ వాకిట్లో నిలబడి చెబుతుంటే నేనూ, ఒక కూలామె లోపల పని చేశాం. గోడలు చీపురుతో దులిపి, రెండుసార్లు సున్నం కొట్టాం. నేల ఎర్రమట్టీ పెండా కలిపి అలికాం. కిటికీలకు వట్టివేళ్ళ తడకలు కట్టి నీళ్ళు చల్లాం. గుమ్మం పక్కన కుండల్లో పుదీనా, మరువం పెట్టాం. సాయంత్రానికి తడి నేల, పచ్చి సున్నం, వట్టివేళ్ళు అన్నీ కలిసి ఎంత కమ్మటి వాసన వచ్చిందంటే, అన్నం తినడానికి పిలిచినా నేను నడిమి గదిలోంచి కదల్లేదు. పుట్టినప్పటి నుంచీ ఉన్న ఇంటికి చుట్టంలా వచ్చినట్టుంది.

మర్నాడు పొద్దున చూస్తే, వీధి వైపు కొత్త సున్నం గోడ మీద ఎర్రమట్టితో ఈ మూల నుంచి ఆ మూలకు 'జై తెలంగాణ' అని రాసి ఉంది. బాపు కర్ర పట్టుకుని బయటికి ఉరికాడు. గోడ ముందు కాసేపు నిలబడి, కర్ర కింద పెట్టి లోపలికి వచ్చాడు.

"అక్షరాలు గుండ్రంగ మంచిగ రాసిండ్రు. ఉండనియ్యి" అన్నాడు.

వస్తామన్నవాళ్ళు బంద్ వల్ల రాలేదు. పుదీనా వాడిపోయింది, నేల ఎండింది. మళ్ళీ అలికాం, మళ్ళీ నీళ్ళు చల్లాం. వానాకాలమంతా ఇట్లాగే గడిచింది. నిజం చెప్పొద్దూ, నాకు ఆ రోజులు చాలా ఇష్టం. అమ్మ పాటలు పాడుతూ కుండలకు నీళ్ళు పోసేది. కానీ చల్లదనంలో ఆమె దగ్గు అణగడంతో దాని సంగతే అందరం మరిచిపోయాం, ఆమె తప్ప.

దసరా దాటాక సైకిల్ మీద ఒక జంట వచ్చారు. ఆయన మిషన్ బడిలో పంతులు. వెనక సీటు మీద భార్య, ఆమె భుజాన నెలల పిల్ల. క్రైస్తవులని నాయనమ్మ ఏదో అనబోయింది గానీ బాపు కళ్ళతోనే ఆపాడు. వాళ్ళు గడప దాటుతుంటే నాయనమ్మ పంతులు గారి ముక్కు వైపే గుడ్లప్పగించి చూసింది. ఆయన తుమ్మలేదు. నడిమి గదిలోకి వచ్చి గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

"ఇల్లు సల్లగ, కమ్మగ ఉన్నది సేటూ" అన్నాడు.

బాపు ముఖం వెలిగిపోయింది. పంతులు గారి భార్య దూలం వైపు చూపించి, "ఇక్కడ ఊయల కడుదం" అంది.

"ఇక్కడొద్దు చెల్లె" అంది అమ్మ.

అందరం ఆమె వైపు తిరిగాం.

"ఇది మిరపకాయల గది. కొత్తగ అలికినం కాబట్టి తెలుస్తలేదు. ఎండకాలం గోడలకెళ్లి ఘాటు దిగుతది. నా దగ్గు దానితోనే వచ్చింది. పసిదాన్ని ఇందుల పండవెట్టకు."

నాయనమ్మ నుదురు కొట్టుకుంది. బాపు పళ్ళు కొరికాడు. నాకైతే అమ్మ మీద పట్టరాని కోపం వచ్చింది. మొయినాబాద్ ఇల్లు, కిటికీలు, జొన్నచేను అన్నీ ఆ ఒక్క మాటతో పోయాయనుకున్నాను. పంతులు గారు గోడను తాళంచెవితో గీకి, రాలిన మట్టిని వాసన చూసి, ఇల్లదిరేలా తుమ్మాడు. నాయనమ్మ కళ్ళు మూసుకుంది. ఆయన మాత్రం కూర్చోలేదు, నీళ్ళూ అడగలేదు. ముక్కు తుడుచుకుని అమ్మ వైపు తిరిగాడు.

"దాయకుండ చెప్పిండ్రు అక్క, మంచిదైంది. ఈ గది గోడల మట్టి తీపిచ్చి, నేల తవ్విచ్చి, ఎన్క కిటికీ పెట్టియ్యిండ్రి. ఇల్లు మేమే తీస్కుంటం."

దీపావళికి మేము మొయినాబాద్‌లోనే దీపాలు పెట్టాం. అమ్మ ఒక్క మెత్త మీద తల పెట్టుకుని నిద్రపోయింది. కానీ ఆ ఇంటి కన్నా, పాత ఇంట్లో గడిపిన చివరి వారంలో ఒక పొద్దున నాకు ఎక్కువ గుర్తు.

కోతల రోజులు కావడంతో కూలివాళ్ళు దొరకలేదు. బాపే గడ్డపార పట్టుకుని నడిమి గదిలోకి వెళ్ళాడు. తక్కెడ తప్ప మరోటి పట్టి ఎరుగని మనిషి. గోడ మట్టి పెళ్ళలు పడుతున్న చప్పుడు వినిపించింది, తర్వాత దగ్గు. దగ్గు ఆగలేదు. ఎర్రటి దుమ్ములోంచి బాపు తడుముకుంటూ బయటికొచ్చి స్తంభం పట్టుకున్నాడు. కళ్ళ నుంచి ముక్కు నుంచి నీళ్ళు కారుతున్నాయి, ఊపిరి అందక నోరు తెరిచి గాలి కోసం గుంజుతున్నాడు. నేను కేక పెట్టాను.

అమ్మ పరుగున వచ్చింది. ఆయన పడుకోబోతుంటే పడుకోనివ్వలేదు. స్తంభానికి ఆనించి కూర్చోబెట్టి, వీపు నిమురుతూ, "జల్ది వద్దు, మెల్లగ ఇడువుండ్రి, మెల్లగ" అంటూ తానూ ఆయనతో పాటు ఊపిరి వదిలింది. చాలాసేపటికి ఆయన నెమ్మదించాడు. నీళ్ళు తాగి, అమ్మ ముఖంలోకి చూశాడు.

"నీకు రోజు గిట్లనే ఉంటుండెనా?"

"రోజు గాదు. ఎండకాలంల."

బాపు తల దించుకున్నాడు.

"నేను ఉత్త దగ్గనుకున్న" అన్నాడు.

అమ్మ ఆయన వీపు నిమురుతూనే ఉంది. నాకు మాత్రం ఏడుపొచ్చింది.